నాలుగు రెక్కల ఈగ

1915లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కాల్విన్ బ్రిడ్జెస్ అనే కుర్ర పరిశోధకుడి కంట ఒక వింత ఈగ పడింది. అతను థామస్ హంట్ మోర్గాన్ శిష్యుడు. మోర్గాన్ ప్రయోగశాలలో హంగులేమీ లేవు. ఇరుకు గది, వరసగా పాలసీసాలు, సీసాల అడుగున మగ్గిన అరటిపండు, దాని మీద బతికే పండు ఈగలు. మామిడిపండ్ల బుట్ట చుట్టూ మన ఇళ్ళలో ముసిరే చిన్న ఈగలు ఆ కోవవే. పదిపన్నెండు రోజులకో తరం పుడుతుంది కాబట్టి వంశపారంపర్యం లెక్కలు తీయడానికి ఇంతకన్నా చవకైన ప్రాణి దొరకదు. కళ్ళ రంగు మారిన ఈగలు, రెక్కలు ముడుచుకుపోయిన ఈగలు ఆ గదిలో అప్పటికే చాలా బయటపడ్డాయి. బ్రిడ్జెస్ చూసినది వాటి జాబితాలో ఇమిడేది కాదు.

తూనీగకు, తేనెటీగకు, సీతాకోకచిలుకకు రెండేసి జతల రెక్కలుంటాయి. ఈగకు, దోమకు ఒక్క జతే. రెండో జత ఉండవలసిన చోట సన్నని కాడ, దాని చివర చిన్న గుండు ఉంటాయి. దీన్ని హాల్టీర్ అంటారు. ఎగిరేటప్పుడు అది రెక్కతో పాటే ఊగుతూ, ఒళ్ళు ఎటు ఒరుగుతోందో ఈగకు తెలియజేస్తుంది. అది లేని ఈగ సరిగా ఎగరలేదు. బ్రిడ్జెస్ పట్టుకున్న ఈగలో ఈ గుండు ఉబ్బి, ముందు భాగం రెక్కలా పరుచుకుంది. కీటకాల ఉరానికి మూడు ఖండాలు. రెండో ఖండానికి రెక్కలు, మూడో ఖండానికి హాల్టీర్లు. ఈ ఈగలో మూడో ఖండం రెండో ఖండం వేషం కట్టడానికి ప్రయత్నిస్తోంది. బ్రిడ్జెస్ దానికి బైథొరాక్స్ అని పేరు పెట్టాడు. దాని సంతతిని పారేయకుండా సీసాల్లో పెంచుతూ వచ్చారు.

ఇటువంటి వింతలను పోగుచేసినవాడు అంతకు ముందే ఒకడున్నాడు. ఇంగ్లాండులో విలియం బేట్సన్ 1894లో ఒక లావుపాటి పుస్తకం అచ్చువేశాడు. స్పర్శశృంగం ఉండవలసిన చోట కాలు మొలిచిన కీటకం, మెడ దగ్గర అదనంగా పక్కటెముక వచ్చిన మనిషి... ఇలా వందల ఉదాహరణలు అందులో ఉన్నాయి. ఒక అవయవం పాడైపోవడం వేరు, దాని చోట మరో చోటి అవయవం చక్కగా, సంపూర్ణంగా తయారుకావడం వేరు అన్నది బేట్సన్ వాదన. ఈ రెండో రకం మార్పుకు హోమియోసిస్ అని పేరు పెట్టాడు. పరిణామంలో కొత్త ఆకారాలు ఎలా పుడతాయో తెలియాలంటే ఇలాంటి పుట్టుకలను పరిశీలించాలన్నాడు. ఆ మాట చాలాకాలం ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఎక్కకపోవడానికి కారణాలున్నాయి. 20వ శతాబ్ది మొదటి సగంలో జన్యుశాస్త్రం, పిండశాస్త్రం పక్కపక్క ఇళ్ళలో ఉండి కూడా పలకరించుకోని దాయాదుల్లా మెలిగాయి. జన్యువులు కళ్ళ రంగు, వెంట్రుకల తీరు వంటి చిల్లర వివరాలను మాత్రమే నిర్ణయిస్తాయి, గుడ్డు ప్రాణిగా మారే అసలు కథ వేరే ఉంది అని పిండశాస్త్రవేత్తల నమ్మకం. మోర్గాన్ స్వయంగా పిండశాస్త్రం నుంచి వచ్చినవాడే. 1934లో ఆ రెండు శాస్త్రాల పేర్లూ కలిపి ఒక పుస్తకం రాశాడు గాని, అందులోనూ అవి కలవలేదు. ఇక పరిణామవాదులు చిన్నచిన్న మార్పులు పోగుపడితేనే కొత్త జాతి అన్న సూత్రానికి కట్టుబడ్డారు. 1940లో రిచర్డ్ గోల్డ్‌ష్మిట్ పెద్ద గంతు వేసే వికృత ప్రాణుల్లో కొన్ని కొత్త వంశాలకు మూలపురుషులు కావచ్చునని రాస్తే, ఆయన్ను ఎగతాళి చేసి వదిలేశారు. బైథొరాక్స్ ఈగ ఆ వాతావరణంలో ఒక వింత వస్తువుగా మూలన పడింది.

దాన్ని మూల నుంచి తీసి ముందుపెట్టుకున్నవాడు ఎడ్వర్డ్ లూయిస్. పెన్సిల్వేనియాలోని విల్క్స్‌బారీ ఊరివాడు. బడిలో చదివే రోజుల్లోనే పత్రికలో ప్రకటన చూసి, స్నేహితుడితో కలిసి పండు ఈగలు తెప్పించుకుని పెంచాడు. 1942లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో డాక్టరేట్ పూర్తిచేశాడు. యుద్ధకాలంలో అమెరికా సైన్యానికి వాతావరణ నిపుణుడిగా పసిఫిక్ ప్రాంతంలో పనిచేసి, 1946లో మళ్ళీ ఈగల దగ్గరికి చేరాడు. ఫ్లూట్ వాయించేవాడు, రాత్రుళ్ళు పనిచేసేవాడు, రాసేది తక్కువ. బైథొరాక్స్ చుట్టుపక్కల క్రోమోజోమ్ మీద ఉన్న ఉత్పరివర్తనాలను ఒక్కొక్కటిగా విడదీసి, జతకలిపి, మళ్ళీ విడదీసి ముప్పై ఏళ్ళకు పైగా గడిపాడు.

ఆ పని తీరు ఒకసారి దగ్గరగా చూడాలి. బైథొరాక్స్ లోపమున్న ఈగలో హాల్టీర్ ముందు సగం రెక్కగా మారుతుంది. పోస్ట్‌బైథొరాక్స్ అనే మరో లోపముంటే వెనక సగం మారుతుంది. ఈ రెండూ, వీటికి తోడైన మూడోదీ ఒకే ఈగలోకి చేరేలా లూయిస్ ఎన్నో తరాలు సంకరం చేశాడు. ఫలితంగా పుట్టిన ఈగకు హాల్టీర్లే లేవు, నాలుగు నిండు రెక్కలున్నాయి. మూడో ఖండం పూర్తిగా రెండో ఖండమైపోయింది. నరాలు, ఈనెలు, అంచున వెంట్రుకలు అన్నీ ఉన్నా ఆ రెక్కలతో ఈగ ఎగరలేదు. వెనక జతను ఆడించే కండరాలు దానికి అమరలేదు. అయినా ఆ ఈగ ఛాయాచిత్రం జీవశాస్త్ర పాఠ్యపుస్తకాలన్నిటిలోకీ ఎక్కింది.

1978లో లూయిస్ నేచర్ పత్రికలో ఆరు పేజీల వ్యాసం ప్రచురించాడు. చదవడానికి మహా కష్టమైన వ్యాసం. అందులో తేల్చిన విషయాలు మాత్రం స్పష్టం. బైథొరాక్స్ ప్రాంతాన్ని మొత్తం తొలగిస్తే పిండంలో మూడో ఉరఖండం నుంచి తోక దాకా దాదాపు అన్ని ఖండాలూ రెండో ఉరఖండం లాగే తయారవుతాయి. అంటే ఈ జన్యువులు లేకపోతే ఖండాలు పుట్టకపోవు, పుట్టిన ఖండానికి తానెవరో తెలియదు. మరో సంగతి ఇంకా వింత. ఈ జన్యు భాగాలు క్రోమోజోమ్ మీద ఏ వరసలో కూర్చున్నాయో, ఒంట్లో అవి శాసించే ఖండాలు కూడా తల నుంచి తోకకు అదే వరసలో ఉన్నాయి. ఎందుకలా ఉండాలో ఎవరికీ తోచలేదు.

లూయిస్ అక్కడితో ఆగకుండా పరిణామం గురించి ఒక ఊహ చేశాడు. కీటకాల పూర్వీకులు ఒంటి నిండా కాళ్ళున్న రోకలిబండ లాంటి ప్రాణులు. పొట్ట మీది కాళ్ళను అణచే జన్యువులు కొత్తగా పుట్టడంతో అవి ఆరు కాళ్ళ జీవులయ్యాయి. ఆ తర్వాత రెండో జత రెక్కలను అణచే జన్యువులు పుట్టడంతో నాలుగు రెక్కల పూర్వీకుడి నుంచి రెండు రెక్కల ఈగ వచ్చింది. వినడానికి ఎంతో సబబుగా ఉన్న ఈ ఊహ ఏమైందో తర్వాత చూద్దాం.

అదే 1978లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో, అప్పుడే తెరిచిన యూరోపియన్ మాలిక్యులర్ బయాలజీ ప్రయోగశాలలో క్రిస్టియాన్ న్యూస్‌లైన్‌ఫోల్‌హార్డ్, ఎరిక్ వీషౌస్ ఒకే గదిలో పని మొదలుపెట్టారు. లూయిస్ ఒక ప్రాంతాన్ని పట్టుకుని లోతుకు దిగితే, వీళ్ళు మొత్తం ఊరినే గాలించారు. మగ ఈగలకు జన్యువులను చెడగొట్టే రసాయనం పెట్టి, వాటి సంతతిలో పిండదశలోనే చచ్చిపోయేవాటిని ఏరి, ఆ పిల్లపురుగుల చర్మాన్ని గాజుపలకల మీద పరిశీలించారు. పిల్లపురుగు పొట్ట కింద ఖండానికొక ముళ్ళ పట్టీ ఉంటుంది. ఆ పట్టీలను లెక్కపెడితే ఎక్కడ పిండం దారి తప్పిందో తెలుస్తుంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒకేసారి చూడగలిగే రెండు తలల సూక్ష్మదర్శిని వాళ్ళ దగ్గర ఉండేది. 1980లో ప్రచురించిన వ్యాసంలో 15 జన్యువులను మూడు గుంపులుగా వర్గీకరించారు. మొదటి గుంపు చెడితే వరసగా కొన్ని ఖండాలు మాయమవుతాయి. రెండో గుంపు చెడితే ఒకటి విడిచి ఒకటి పోతాయి. మూడో గుంపు చెడితే ప్రతి ఖండంలోనూ ఒక భాగం తారుమారవుతుంది. ఈ మూడో గుంపులో ఒక జన్యువు చెడితే పురుగు ఒళ్ళంతా ముళ్ళే. దానికి హెడ్జ్‌హాగ్ అని ముళ్ళపందిలా ఒళ్ళంతా ముళ్ళుండే ఒక జంతువు పేరు పెట్టారు. దాని చుట్టమే వెన్నెముక గల జంతువుల్లో దొరికినప్పుడు వీడియో గేమ్‌లోని సోనిక్ పేరు తగిలించారు. శాస్త్రవేత్తల చిలిపితనం ఆసుపత్రి రిపోర్టుల దాకా వెళ్ళింది.

ఇక్కడి వరకూ జరిగిందంతా జన్యువులను కంటితో చూడకుండా, వాటి ఫలితాలను బట్టి అంచనా కట్టిన పని. డీఎన్‌ఏను పట్టి చదివే పని స్టాన్‌ఫర్డ్‌లో డేవిడ్ హాగ్నెస్ ప్రయోగశాలలో మొదలైంది. వెల్కమ్ బెండర్, పియర్ స్పియరర్ అక్కడ క్రోమోజోమ్ మీద ఒక ముక్క నుంచి పక్క ముక్కకు అడుగులు వేసుకుంటూ బైథొరాక్స్ ప్రాంతానికి చేరారు. 1983లో ఆ వివరాలు వెలువడ్డాయి. ఆ ప్రాంతం మొత్తం సుమారు 3 లక్షల డీఎన్‌ఏ అక్షరాల పొడవు. లూయిస్ ఖండానికొక జన్యువు ఉంటుందనుకున్నాడు. 1985లో మాడ్రిడ్‌లో గినెస్ మొరాటా, ఎర్నెస్టో సాంచెజ్ హెర్రెరో బృందం అక్కడ ప్రొటీన్ తయారుచేసే జన్యువులు మూడే ఉన్నాయని తేల్చింది. అల్ట్రాబైథొరాక్స్, అబ్డామినల్ ఏ, అబ్డామినల్ బీ. మరి మిగతా లక్షల అక్షరాల సంగతేమిటి? అవి ఈ మూడు జన్యువులను ఏ ఖండంలో, ఎప్పుడు, ఎంత మేర పనిచేయించాలో నిర్ణయించే మీటలు. బ్రిడ్జెస్ చూసిన లోపం అల్ట్రాబైథొరాక్స్ ప్రొటీన్‌లో లేదు, దాన్ని హాల్టీర్ ముందు సగంలో పనిచేయించే మీటలో ఉంది. లూయిస్ తయారుచేసిన నాలుగు రెక్కల ఈగలో ప్రొటీన్ చెక్కుచెదరలేదు. అది రావలసిన చోట రాలేదు, అంతే. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తానికి ఇదే ఆయువుపట్టు. ఆ ఏళ్ళలో అందరి కళ్ళూ మాత్రం ఇంకో ఆవిష్కరణ మీదికి మళ్ళాయి.

స్విట్జర్లాండులోని బాసెల్‌లో వాల్టర్ గేరింగ్ ప్రయోగశాల యాంటెన్నపీడియా జన్యువు వెంటపడింది. అది పనిచేయకూడని చోట పనిచేస్తే ఈగ తల మీద స్పర్శశృంగాల బదులు కాళ్ళు మొలుస్తాయి. విలియం మెక్‌గినిస్, మైకేల్ లెవిన్ తదితరులు ఆ జన్యువులోని ఒక ముక్క అల్ట్రాబైథొరాక్స్‌లోనూ కనిపించడం గమనించారు. అమెరికాలోని ఇండియానాలో మాథ్యూ స్కాట్, ఏమీ వీనర్ కూడా స్వతంత్రంగా అదే చూశారు. 180 అక్షరాల ఆ ముక్కకు హోమియోబాక్స్ అని పేరు. దాని నుంచి 60 అమైనో ఆమ్లాల ప్రొటీన్ భాగం తయారవుతుంది. ఆ భాగం డీఎన్‌ఏను పట్టుకుని ఇతర జన్యువులను పనిచేయిస్తుంది, లేదా ఆపుతుంది. ఇది ఈగల సొంతమా అన్న ప్రశ్న వచ్చింది. మెక్‌గినిస్ వానపాము, కప్ప, కోడి, ఎలుక, మనిషి వంటి ప్రాణుల డీఎన్‌ఏను పక్కపక్కన పరిచి ఈగ ముక్కతో పోల్చి చూశాడు. దాదాపు అన్నిటిలోనూ జత దొరికింది. అదే భవనంలో పనిచేస్తున్న ఎడ్డీ డి రాబర్టిస్ బృందం కప్ప జన్యువును వేరుచేసింది. 1984లో జొనాథన్ స్లాక్ నేచర్ పత్రికలో దీన్ని, పాత ఈజిప్టు లిపిని చదవడానికి దారిచూపిన రొజెట్టా శిలతో పోల్చాడు, పక్కన ఒక ప్రశ్నార్థకం ఉంచి.

ప్రశ్నార్థకం ఎంతోకాలం నిలవలేదు. 1989లో రెండు బృందాలు ఎలుకలోనూ ఖండాలకు గుర్తింపునిచ్చే ఈ హోమియోబాక్స్ జన్యువులు (వీటినే హాక్స్ జన్యువులు అంటారు) క్రోమోజోమ్ మీద ఉన్న వరసలోనే తల నుంచి తోకకు పనిచేస్తున్నాయని చూపాయి. ఈగకు అవి 8. మనిషికీ ఎలుకకూ 39, నాలుగు గుంపులుగా నాలుగు క్రోమోజోమ్‌ల మీద. మరుసటి ఏడాది మెక్‌గినిస్ ప్రయోగశాల ఎలుక జన్యువును ఈగలో పనిచేయించింది. ఈగ స్పర్శశృంగం కాలివైపు మళ్ళింది. మళ్ళినది ఈగ కాలివైపే గాని ఎలుక కాలివైపు కాదు. పిన్‌కోడ్ ఉత్తరం ఏ ఊరు చేరాలో చెబుతుంది గాని, ఆ ఊళ్ళో ఇళ్ళు పెంకుటిళ్ళా డాబాలా అన్నది దానికి సంబంధం లేదు. హాక్స్ జన్యువు చేసే పని అంతే.

1995లో గేరింగ్ బృందం చేసిన ప్రయోగం దీన్ని అందరికీ కళ్ళకు కట్టింది. ఐలెస్ అనే జన్యువు లోపిస్తే ఈగకు కళ్ళు ఉండవు. ఎలుకలో, మనిషిలో దాని జతను పాక్స్ 6 అంటారు. దాని ఒక ప్రతి చెడితే మనిషికి కంట్లో ఐరిస్ లేకుండా పోతుంది. జార్జ్ హాల్డర్, పాట్రిక్ కల్లర్ట్స్ ఐలెస్ జన్యువును ఈగ కాళ్ళలో, రెక్కల్లో, స్పర్శశృంగాల్లో పనిచేసేలా చేశారు. అక్కడల్లా ఎర్రటి, గళ్ళుగళ్ళుగా అమరిన ఈగ కళ్ళు మొలిచాయి. ఎలుక జన్యువుతో చేసినా ఈగ కళ్ళే వచ్చాయి. కళ్ళు జంతువుల్లో కనీసం 40 సార్లు విడివిడిగా పుట్టి ఉంటాయని 1977లో లెక్కకట్టినవారిలో ఎర్నెస్ట్ మేయర్ ఒకడు. దగ్గరి చుట్టాల్లో తప్ప ఒకే మూలం గల జన్యువుల కోసం వెతకడం దండగ అని 1963లో రాసినవాడూ ఆయనే. 20వ శతాబ్దపు పరిణామవాదుల్లో అంతటి పెద్ద కూడా ఇక్కడ పప్పులో కాలేశాడు. అలాగని ఈగ కన్ను, మన కన్ను ఒకే కన్ను నుంచి వచ్చాయని అనలేం. కాంతిని పసిగట్టే కణాలను పుట్టించే జన్యువు ఒకటే పురాతనం. దాని మీద కట్టిన కళ్ళు ఎవరివి వాళ్ళవే.

ఈ సందర్భంలోనే ఒక పాత వివాదం మళ్ళీ లేచింది. పారిస్‌లోని సహజశాస్త్ర ప్రదర్శనశాలలో జార్జ్ కువియే, ఎత్యెన్ జొఫ్రుఆ సెంతిలేర్ ఇద్దరూ ఆచార్యులు, ఒకప్పటి మిత్రులు. జంతువులన్నీ నాలుగు మూల నిర్మాణాలకు చెందుతాయనీ, వాటి మధ్య ఏ వంతెనా లేదనీ కువియే సిద్ధాంతం. జొఫ్రుఆ మాత్రం ప్రకృతికి నిర్మాణం ఒకటేనన్నాడు. 1822లో ఆయన ఒక లాబ్‌స్టర్‌ను కోసి, వెల్లకిలా తిప్పి పెట్టాడు. మామూలుగా దాని నరాల తాడు పొట్టవైపు, గుండె వీపువైపు ఉంటాయి. తిప్పేసరికి నరాలు పైన, మధ్యలో పేగు, కింద గుండె. అచ్చం వెన్నెముక జంతువు వరస! కీటకం, రొయ్య మనలాగే కట్టిన ప్రాణులు, తలకిందులుగా నడుస్తున్నాయి అని జొఫ్రుఆ నిర్ణయించాడు. 1830 ఫిబ్రవరి నుంచి వారాల తరబడి ఫ్రెంచ్ సైన్స్ అకాడమీలో ఇద్దరూ బహిరంగంగా వాదించుకున్నారు. ఆ ఆగస్టులో వైమార్‌లో 80 ఏళ్ళ జర్మన్ కవి గోథే తన దగ్గరికి వచ్చిన అతిథిని పారిస్‌లో పేలిన అగ్నిపర్వతం గురించి ఉద్వేగంగా అడిగాడు. అతిథి అప్పుడే జరిగిన జూలై విప్లవం అనుకుని సమాధానం చెప్పబోతే, రాజు సంగతి కాదు, అకాడమీ సంగతి అన్నాడు గోథే. వాదనలో గెలుపు కువియేకే దక్కిందని నాటి శాస్త్రలోకం భావించింది. జొఫ్రుఆ ఉదాహరణల్లో కొన్ని నిజంగానే తేలిపోయాయి కూడా. నత్తగుల్లల జాతి ప్రాణిని వెన్నెముక జంతువును మడిచినట్టుగా చూపబోయిన వాదన కువియే ముందు నిలవలేదు.

లాబ్‌స్టర్ వాదన మాత్రం సుమారు 170 ఏళ్ళ తర్వాత బతికి బయటపడింది. 1924లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో హాన్స్ ష్పేమాన్, హిల్డే మాంగోల్డ్ ఒక ఉభయచర పిండం నుంచి చిన్న ముక్క తీసి మరో పిండం పొట్టవైపు అతికిస్తే, అక్కడ రెండో వెన్ను, రెండో నరాల తాడు మొలిచాయి. ఆ ముక్క విడుదల చేసేదేమిటో తెలియక తరాలు గడిచాయి. 1994లో డి రాబర్టిస్ ప్రయోగశాలలో యోషికీ ససాయి కార్డిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకున్నాడు. కప్పలో అది వీపువైపు తయారై, పొట్టవైపు నుంచి వచ్చే బీఎంపీ అనే సంకేతాన్ని కట్టేస్తుంది. ఆ సంకేతం లేని చోట నరాలు పుడతాయి. ఈగలోనూ ఇవే రెండు పాత్రలున్నాయి, పేర్లు వేరు. అయితే చోట్లు తారుమారు. కార్డిన్ జత పొట్టవైపు, బీఎంపీ జత వీపువైపు. నరాల తాడు కూడా పొట్టవైపే. 1995లో కప్ప కార్డిన్ సందేశాన్ని ఈగ పిండంలోకి ఎక్కిస్తే అక్కడ ఈగ పొట్టవైపు భాగాలు తయారయ్యాయి. ఈగ జన్యువు కప్పలో వీపు తయారుచేసింది. డెట్లెఫ్ ఆరెంట్, కాథరీనా న్యూబ్లర్‌యుంగ్ 1994లోనే, డి రాబర్టిస్, ససాయి 1996లో జొఫ్రుఆ పేరెత్తి మరీ ఈ తలకిందుల సిద్ధాంతాన్ని తిరిగి నిలబెట్టారు.

దీన్నిబట్టి ఈగకూ మనకూ ఉమ్మడి పూర్వీకుడైన, 50 కోట్ల ఏళ్ళకు ముందు బతికిన ఒక ప్రాణికి తల, తోక, వీపు, పొట్ట తేడాలు చెప్పే జన్యువులు అప్పటికే ఉన్నాయని తేలింది. కేంబ్రియన్ కాలంలో, చైనాలోని చెంగ్‌జియాంగ్ శిలల్లో కనిపించే సుమారు 52 కోట్ల ఏళ్ళనాటి జంతువుల కోలాహలానికి ఈ జన్యువులే కారణమని కొందరు ఉత్సాహంగా రాశారు. నాకు అది ఒప్పుకోదగ్గ మాటగా కనిపించదు. జన్యువులు అంతకు ఎంతోకాలం ముందే సిద్ధంగా ఉంటే, ఆ కోలాహలం ఆలస్యం కావడానికి కారణం వేరే చోట వెతకాలి. సముద్రంలో ప్రాణవాయువు, వేట, పోటీ... అది భూగర్భశాస్త్రం కూడా కలిసి తేల్చవలసిన లెక్క.

అందరిదీ ఒకే జన్యుసామగ్రి అయితే అందరూ ఒకేలా ఎందుకు లేరు? దీనికి సమాధానం 1975లోనే మేరీక్లెయిర్ కింగ్, అలన్ విల్సన్ సూచించారు. మనిషి, చింపాంజీల ప్రొటీన్లు 99 శాతం ఒకటే, కాబట్టి తేడా ప్రొటీన్లలో కాక వాటిని నియంత్రించే పద్ధతిలో ఉండాలని. స్టాన్‌ఫర్డ్‌లో బైథొరాక్స్ మీటలు దొరికాక ఆ సూచనకు దిక్కు దొరికింది.

పాము కథ దీనికి మంచి సాక్ష్యం. కాళ్ళు పెరగాలంటే పిండంలో కాలి మొగ్గ వెనక అంచున సోనిక్ హెడ్జ్‌హాగ్ పనిచేయాలి. దాన్ని అక్కడ పనిచేయించే మీట ఆ జన్యువు పక్కన ఉండదు, దాదాపు 10 లక్షల అక్షరాల దూరంలో, వేరే జన్యువు కడుపులో ఉంటుంది. కొన్ని కుటుంబాల్లో బొటనవేలి వైపు ఆరో వేలుతో బిడ్డలు పుట్టడానికి ఈ మీటలో ఒక్క అక్షరం తేడాయే కారణమని 2003లో తేలింది. అదనపు వేళ్ళున్న కీవెస్ట్‌లోని రచయిత హెమింగ్వే ఇంటి పిల్లులదీ అదే కథ. 2016లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పరిశోధకులు ఎలుకలో ఈ మీటను తీసేసి, దాని చోట ఇతర ప్రాణుల మీటలు పెట్టారు. మనిషి మీట పెడితే కాళ్ళు మామూలుగా వచ్చాయి. సీలకాంత్ అనే పురాతన చేప మీట పెట్టినా వచ్చాయి. నాగుపాము మీటో కొండచిలువ మీటో పెడితే కాళ్ళు మొండి ముక్కల దగ్గరే ఆగిపోయాయి. పాముల మీటలో పోయిన 17 అక్షరాలను కొండచిలువ ముక్కలో తిరిగి చేరిస్తే కాళ్ళు మళ్ళీ పెరిగాయి. పాముల్లో హెడ్జ్‌హాగ్ జన్యువు చెడలేదు. చెడితే మెదడు, వెన్ను కూడా చెడతాయి, ప్రాణే నిలవదు. ఒక్క చోట పనిచేసే మీట చెడింది కాబట్టి ఒక్క అవయవం పోయింది, మిగతా ఒళ్ళు భద్రంగా ఉంది. దేహ నిర్మాణం మారడానికి ప్రకృతి మీటల మీద ఎక్కువగా ఎందుకు ఆధారపడుతుందో దీంతో అర్థమవుతుంది.

అన్నీ మీటలే అనుకోవడమూ పొరపాటే. కీటకాల పొట్టకు కాళ్ళు లేకపోవడంలో అల్ట్రాబైథొరాక్స్ ప్రొటీన్ స్వయంగా మారిన వైనం 2002లో రెండు బృందాలు చూపాయి. రొయ్యల చుట్టమైన ఆర్టీమియాలో ఆ ప్రొటీన్ కాళ్ళను అణచలేదు, ఈగలో అణచగలదు. ప్రొటీన్ చివర మారిన చిన్న భాగమే ఆ తేడా. ఎక్కడ ఏది ముఖ్యమన్నది ప్రతిసారీ విడిగా విచారించుకోవలసిందే.

ఇక లూయిస్ ఊహలోని రెండో భాగం సంగతి. రెండో జత రెక్కలను అణచే జన్యువు ఈగ వంశంలో కొత్తగా పుట్టిందన్నాడు గదా. అది నిజమైతే నాలుగు రెక్కల సీతాకోకచిలుకలో అల్ట్రాబైథొరాక్స్ ఉండకూడదు, లేదా వెనక రెక్కలో పనిచేయకూడదు. 1994లో విస్కాన్సిన్‌లో షాన్ కరోల్ బృందం చూస్తే అది ఉంది, వెనక రెక్కలోనే నిండుగా పనిచేస్తోంది. మన వంటిళ్ళలో రవ్వ, మైదా డబ్బాల్లో తిరిగే ఎర్ర పిండిపురుగులో 2005లో దాన్ని పనిచేయకుండా చేస్తే, పల్చని వెనక రెక్కలు కాస్తా ముందు జతలాగా గట్టి పెంకులయ్యాయి. అంటే ఈ జన్యువు అన్ని కీటకాల్లోనూ వెనక రెక్క ముందు రెక్కలా ఉండకూడదని మాత్రమే చెబుతుంది. ఎలా ఉండాలన్నది దాని మాట వినే కింది జన్యువుల్లో ఒక్కో వంశంలో ఒక్కోలా మారింది. జన్యువు పాతదే. వినేవాళ్ళు మారారు. లూయిస్‌కు న్యూస్‌లైన్‌ఫోల్‌హార్డ్, వీషౌస్‌లతో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది 1995లో, అంటే ఆయన పరిణామ ఊహ వీగిపోయిన మరుసటి ఏడు. బహుమతి ఊహకు కాదు, ప్రయోగాలకు కాబట్టి అందులో అన్యాయమేమీ లేదు.

ఆ వినేవాళ్ళెవరన్న ప్రశ్న మీద మన హైదరాబాద్‌లోనూ గట్టి కృషి జరిగింది. సీసీఎంబీ పరిశోధన సంస్థలో 1990ల చివరి నుంచి ఎల్.ఎస్. శశిధర బృందం ఈగ హాల్టీర్‌లో అల్ట్రాబైథొరాక్స్ ఎవరిని ఆపుతుందో పరిశీలించింది. రెక్కను పెంచే సంకేతాలను అది ఏదో ఒక్క చోట కాకుండా అనేక దశల్లో అణచివేస్తోందని తేల్చింది. అదే సంస్థలో రాకేశ్ మిశ్రా బృందం బైథొరాక్స్ ప్రాంతంలో ఒక మీట పక్క మీట పనిలో తలదూర్చకుండా కాచే సరిహద్దు డీఎన్‌ఏ మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. శశిధర తర్వాత పుణెలోని ఐసర్ సంస్థకు మారాడు. అక్కడ ఆయన బృందం 2016లో ప్రచురించిన ప్రయోగంలో పట్టుపురుగు, తేనెటీగ అల్ట్రాబైథొరాక్స్ ప్రొటీన్లను ఈగ రెక్కలో పనిచేయించారు. నాలుగు రెక్కల ప్రాణుల నుంచి తెచ్చిన ఆ ప్రొటీన్లు కూడా ఈగ రెక్కను అణచి హాల్టీర్ వైపు మళ్ళించాయి. రెక్కను తీర్చిదిద్దే జన్యువుల్లో చాలావాటిని అది తేనెటీగలోనూ ఈగలోనూ పట్టుకుంటుంది. ఆ పట్టుకున్న చోట ఈగ వంశంలో ఏ అక్షరాలు మారి రెక్క గుండుగా కుంచించుకుపోయిందో జన్యువు తర్వాత జన్యువుగా తేల్చే పని ఇప్పటికీ నడుస్తోంది.